అంచు, బాణం, నా ఎడమ కన్ను

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా కార్ఖానాలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా తీర్పు వచ్చిన రోజు. పింఛను అనేది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, మనం చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన రోజు. ఏటా ఈ వేదిక మీద డి.ఏ. గురించో, మెడికల్ బిల్లుల గురించో పెద్దలు మాట్లాడతారు. ఈసారి కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "మన పత్రిక మీరు ఇంట్లో కంప్యూటర్ మీద తయారు చేస్తారు కదా, అది ఎలాగో నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. అంతా చెబితే భోజనాల వేళ దాటిపోతుంది. అందుకని ఒక చిన్న ముక్క ఎంచుకున్నాను. కంప్యూటర్‌లో మనం రాసుకునే కిటికీకి ఉండే అంచు, మౌసు కదిపితే తెర మీద కదిలే బాణం. ఇవి రెండూ మన కంటికి తగినట్టు మార్చుకోవడం ఎలా అన్నదే విషయం. కార్ఖానా అంటే పని జరిగే చోటు కదా, ఆ పేరున్న పేటలో పనిముట్ల సంగతి మాట్లాడితే తప్పు లేదనుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సెక్షన్‌లో ఒక సూపరింటెండెంట్ గారుండేవారు. నోట్ షీటు మీద మార్జిను వదలకుండా రాసుకెళ్తే తిప్పి పంపేవారు. "మార్జిను అంత ఎందుకండీ, కాగితం దండగ" అని ఒకసారి అన్నాను. "నేను వేలు ఎక్కడ పెట్టుకోవాలోయ్?" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాం. లెడ్జరులో ఎర్ర గీతలు కూడా అంతే. ఈ కాలమ్ జమ, ఆ కాలమ్ ఖర్చు అని కంటికి చెప్పడానికే తప్ప అందానికి కాదు.

తరవాత 1990ల మొదట్లో మన ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, వర్డ్‌స్టార్. మౌసు లేదు, బాణం లేదు. మినుకు మినుకుమనే కర్సర్ ఒక్కటే. అది ఎక్కడుంటే మన పని అక్కడ. వెతుక్కోవలసిన అవసరం లేదు. ఆ రోజులు మంచివని అనను, ఫ్లాపీలు చెడిపోయి ఎన్ని రాత్రులు కూర్చున్నామో ఇక్కడ చాలామందికి తెలుసు.

రిటైరయ్యాక పత్రిక పని నా మీద పడింది. మా అల్లుడు తన పాత లాప్‌టాప్ ఇచ్చి, అందులో లినక్స్ మింట్ వేసి, రాసుకోవడానికి ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ పెట్టాడు. ఈ ఈమాక్స్ వయసు మన సర్వీసుతో సమానం. 1976లో అమెరికాలో ఎం.ఐ.టి.లో పుట్టింది. రిచర్డ్ స్టాల్మన్ దాన్ని గ్నూ ఈమాక్స్‌గా 1985లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మొదట నాకు ఏమీ నచ్చలేదు. అప్పుడు మా అల్లుడు కంట్రోల్ మీట నొక్కి పట్టి ‘హెచ్’ నొక్కి, వదిలి మళ్ళీ ‘హెచ్’ నొక్కి చూపించాడు. ప్రపంచ భాషల్లో పలకరింపులు వరసగా ఒక పట్టిక వచ్చింది. దాంట్లో తెలుగు అని రాసి పక్కన "నమస్కారం" అని ఉంది. అమెరికాలో పుట్టిన ప్రోగ్రాము మన భాషలో నమస్కారం పెట్టాక కాదనడానికి మనసొప్పలేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఏర్పాటు కూడా దాంట్లోనే ఉంది.

ఇక అంచు కథ. ఈమాక్స్‌లో తెరను రెండు గదులుగా చీల్చుకోవచ్చు. కంట్రోల్-ఎక్స్ నొక్కి, వదిలి, 3 నొక్కితే పక్కపక్కన రెండు గదులు. 2 నొక్కితే ఒకదాని కింద ఒకటి. 1 నొక్కితే మళ్ళీ ఒకే గది. పత్రిక పనికి ఇది ఎంత సుఖమో చెప్పలేను. పాత జాబితా ఒక గదిలో, కొత్త జాబితా ఇంకో గదిలో పెట్టుకుని చూసి రాసుకోవచ్చు.

కొన్నేళ్ళ కిందట ఒక సంచికకు ఎడమ గదిలో ‘శ్రద్ధాంజలి’, కుడి గదిలో ‘80 ఏళ్ళు నిండిన సభ్యులకు సన్మానం’ పెట్టుకుని పేర్లు కొడుతున్నాను. రాత్రి పది దాటింది. రెండు గదుల మధ్య వెంట్రుకంత గీత. ఏ గదిలో కర్సర్ ఉందో చూసుకోకుండా ఒక పెద్దాయన పేరు కొట్టాను. సన్మానం గదిలో పడవలసిన పేరు పక్క గదిలో పడింది. ప్రూఫు చూసిందీ నేనే, కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. పత్రిక అచ్చయి ఇళ్ళకు వెళ్ళింది.

ఆ తరవాత రెండు రోజులు వారింటికి ఫోన్లే ఫోన్లు. వారి శ్రీమతిగారు ఒక ఫోనుకు బదులు చెప్పలేక ఏడ్చేశారట. నేను వెళ్ళి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, "బతికే ఉన్నానని నవంబరులో బ్యాంకులో రుజువు చేసుకున్నాను, ఇక మన పత్రికలో కూడా చేసుకోవాలటయ్యా?" అన్నారు. ఆయన ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. పేరు చెప్పను. ఆయనే నవ్వుతున్నారు, చూడండి.

ఆ రాత్రి మా అల్లుడికి ఫోన్ చేసి, ఇక ఈమాక్స్ వద్దు అన్నాను. "మామయ్యగారూ, ఎడిటర్ మార్చక్కర్లేదు, అంచు మార్చుకుందాం" అన్నాడు. ఆదివారం వచ్చి మూడు పనులు చేశాడు.

మొదటిది, గదుల మధ్య గోడ. ఆల్ట్ నొక్కి ఎక్స్ కొడితే తెర అడుగున ఒక ఖాళీ వరస వస్తుంది. అందులో ఇంగ్లీషులో విండో, డివైడర్, మోడ్ అనే మూడు మాటలు మధ్యలో చిన్న అడ్డగీతలతో కొట్టి ఎంటర్ నొక్కాలి. వెంట్రుక గీత పోయి 6 చుక్కల మందం గోడ వస్తుంది. అది నాకు చాలలేదు, 14 చేయించాను. దాన్ని మౌసుతో పట్టుకుని అటూ ఇటూ జరపవచ్చు కూడా. సన్నగీతను పట్టుకోవాలంటే వణికే చేతికి ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా! తమాషా ఏమిటంటే ఈ గోడకు మూడు రంగులు పెట్టుకోవచ్చు. మధ్యలో ఒకటి, రెండు కొసల్లో చుక్క మందాన చెరొకటి. అచ్చం చీర అంచుకు ఇరువైపులా సన్నని గీతలున్నట్టు. మా ఆవిడ వచ్చి చూసి, "మధ్యలో వంకాయ రంగు వెయ్యండి, పక్కన పసుపు" అంది. ఇప్పటికీ అదే ఉంది.

రెండోది, ప్రతి గదికీ అడుగున ఉండే పట్టీ. పని జరుగుతున్న గది పట్టీకి ఒక రంగు, పక్క గది పట్టీకి ఇంకో రంగు ఉంటాయి. అయితే మామూలుగా వచ్చే రంగుల మధ్య తేడా నా కంటికి ఆనేది కాదు. పని ఉన్న గదికి ముదురు నీలం, లేని గదికి వెలిసిన బూడిద రంగు పెట్టించాను.

మూడోది నాకు అసలు తెలియని సంగతి. ఈమాక్స్ రెండు గదుల్లోనూ కర్సర్ చూపిస్తుంది. పని ఉన్న గదిలో నిండు డబ్బా, లేని గదిలో బోలు డబ్బా. కుర్రకళ్ళకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. రాత్రి పది దాటాక నా కళ్ళకు రెండూ ఒకటే. ఆ పెద్దాయన పేరు పక్క గదిలోకి పోయింది ఆ బోలు డబ్బాను నమ్మే. దాన్ని తీసేయించాను. ఇప్పుడు తెర మొత్తం మీద ఒకటే కర్సర్. కర్సర్ మినుకుమనడం కూడా పదిసార్లు మినుకుమని ఆగిపోతుంది, మీట నొక్కితే మళ్ళీ మొదలు. దాన్ని ఆగకుండా చేయవచ్చట కానీ, నాకు విసుగు.

ఈ మార్పులన్నీ చేశాక ‘అప్లై అండ్ సేవ్’ అనే చోట నొక్కడం మరచిపోకండి. లేకపోతే మర్నాడు పొద్దున మళ్ళీ వెంట్రుక గీతే.

అంచుతో బాధ తీరింది. బాణం మిగిలింది. ఈ మౌసు అనేదాన్ని 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు సభలో చూపించాడు. అప్పుడు బాణం నిటారుగా పైకి చూసేది. తరవాత జెరాక్స్ వారి పరిశోధనశాలలో, ఆ కాలపు తెరల మీద నిటారు గీత కంటే వాలు గీత తేలిగ్గా కనబడుతుందని ఎడమకు వాల్చారు. చూశారా, బాణాన్ని కంటి కోసం మార్చడం మనతో మొదలైంది కాదు.

ఈమాక్స్‌లో అక్షరాల మీదికి వెళ్ళేసరికి ఆ బాణం సన్నని కడ్డీ అయిపోతుంది. మన తెలుగు అక్షరాల గుడులు, కొమ్ములు, వత్తుల మధ్య ఆ కడ్డీ కలిసిపోయి ఎక్కడుందో తెలియదు. దాని ఆకారం మార్చుకోవచ్చు. లినక్స్‌లో దానికో పెద్ద జాబితా ఉంది. గొడుగు, పడవ, సాలెపురుగు, కాఫీ కప్పు, గడియారం. ఈ జాబితా చూసి మా మనవరాలు ఒక పూటంతా వదల్లేదు. కాఫీ కప్పుతో సంపాదకీయం దిద్దిన సంపాదకుడు సికిందరాబాదులో నేనొక్కడినే అయ్యుంటాను. ఒక చిక్కు ఉంది, ఆకారం మార్చినంత మాత్రాన తెర మీద మారదు. ఆ తరవాత మౌసు రంగు ఏదో ఒకటి చెప్పాలి, అప్పుడే ఆకారం మారుతుంది. ఇది తెలియక మా అల్లుడే అరగంట తల గోక్కున్నాడు. పైగా మా కంప్యూటర్‌లో రంగు మాత్రం మారలేదు, ఆకారం ఒక్కటే మారింది. ఆ బొమ్మలు కూడా పాతకాలపు చిన్న బొమ్మలు. చివరికి కాఫీ కప్పు మనవరాలికి వదిలేసి, అక్షరాల మీద కూడా బాణమే ఉండేలా పెట్టి, దాని సైజు మింట్ సెట్టింగుల్లో మౌసు దగ్గర పెంచుకున్నాను.

పెద్ద బాణం వచ్చాక ఇంకో తద్దినం మొదలైంది. అది అక్షరాలను కప్పేస్తోంది! ఈమాక్స్ టైపు చేస్తున్నంతసేపు బాణాన్ని దాచేస్తుంది, కానీ ప్రూఫు చూస్తూ వరసలు దిగుతున్నప్పుడు దాచదు. అడ్డం వచ్చిన బాణాన్ని తప్పించే ఏర్పాటు కూడా ఉంది. అందులో రకాలున్నాయి. కర్సర్ దగ్గరికి వస్తే బాణం గెంతి పక్కకు పోవడం ఒకటి, పిల్లీ ఎలుకా ఆట ఒకటి, ప్రవాసం ఒకటి, బహిష్కారం ఒకటి. పేర్లు నేను పెట్టినవి కావు, వాళ్ళు ఇంగ్లీషులో పెట్టినవే. మా అల్లుడు బహిష్కారం పెట్టాడు. అంటే ఏ మీట నొక్కినా బాణం తెర కుడివైపు పైమూలకు వెళ్ళి కూర్చుంటుంది. మనం మౌసు కదిపితే గాని రాదు.

అప్పటి నుంచి నాకు బాణం కనబడడం మానేసింది. అప్పుడప్పుడు కనబడేది, ఎక్కువసార్లు కాదు. సైజు పెంచాను. ఇంకా పెంచాను. మౌసు పాడైందనుకుని కొత్తది కొన్నాను. కంట్రోల్ మీట నొక్కితే బాణం చుట్టూ వలయాలు వచ్చే సదుపాయం పెట్టుకున్నాను. "ఏమండీ, ఆ బాణం మన గోడగడియారం ముల్లంత ఉంది, ఇంకా కనబడదా?" అనేది మా ఆవిడ. నేను విసుక్కునేవాడిని.

2023 వానాకాలంలో ఊరంతా కళ్ళకలక వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. నాకు కుడి కన్నుకు వచ్చింది. ఒకటే నీళ్ళు. సంచిక ఆలస్యమవుతోందని కుడి కన్నుకు చేతిరుమాలు అడ్డం కట్టుకుని ఎడమ కన్నుతోనే పనికి కూర్చున్నాను. బాణం పూర్తిగా మాయం! కంట్రోల్ నొక్కాను, వలయాలూ లేవు. మనవరాలిని పిలిచాను. అది దూరంగానే నిలబడి, "అక్కడే ఉంది కదా తాతయ్యా, పై మూలన" అంది. "ఎక్కడే?" అన్నాను. తల తిప్పి మూలకేసి సూటిగా చూస్తే ఉంది. మళ్ళీ వాక్యం మీదికి చూపు తెస్తే లేదు. రుమాలు పైకెత్తి నీళ్ళు కారుతున్న కన్ను కాస్త తెరిస్తే, మూలన మసకగా ఉంది. మూస్తే లేదు.

నేను చేసిన పని ఏమిటంటే, లాప్‌టాప్ తెర పాడైందని దాన్ని అటూ ఇటూ తిప్పి చూడడం. కళ్ళకలక తగ్గింది, రెండు కళ్ళతో పని మొదలైంది, సంగతి మరచిపోయాను. కాదు, మరచిపోవాలని మరచిపోయాను. రెండు నెలలు అలా గడిపాను. చివరికి మా ఆవిడే చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ ఒక పరీక్ష చేస్తారు. ఒక కన్ను మూసి, తెల్లటి గిన్నె లాంటి యంత్రంలోకి చూడమంటారు. మధ్యలో ఉన్న చుక్క మీంచి చూపు తిప్పకూడదు. చుట్టూ అక్కడక్కడ చిన్న చిన్న వెలుగులు వచ్చి పోతుంటాయి. కనబడినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. మౌసు నొక్కినట్టే. ఎడమ కన్ను వంతు వచ్చినప్పుడు చాలాసేపు నొక్కవలసిన పని లేకుండా కూర్చున్నాను. యంత్రం ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదట. తరవాత ఇచ్చిన కాగితం మీద ఎడమ కంటి బొమ్మలో కుడివైపు పైన నల్లటి మచ్చ. మా బాణం బహిష్కారానికి వెళ్ళి కూర్చునే మూల అదే.

జబ్బు పేరు గ్లకోమా. మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేవారు. శుక్లం వేరు, ఇది వేరు. శుక్లానికి ఆపరేషన్ చేస్తే చూపు తిరిగి వస్తుంది. దీంట్లో కంటి వెనక నరం దెబ్బతింటుంది, పోయిన చూపు తిరిగి రాదు. సాధారణంగా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చాలామందికి ముందు పక్కచూపు తగ్గుతుంది. ఒక కన్ను చూడలేనిది రెండోది చూసి సర్దేస్తుంది కాబట్టి మనకు తెలియదు. కళ్ళజోడుతో అక్షరాల చార్టు చివరి వరస దాకా చదివేసి ఇంటికి వచ్చేస్తాం. నేనూ అలాగే ఎన్నో ఏళ్ళు చదివాను. "ఇది ఈ ఏడాది వచ్చింది కాదండీ, చాలాకాలంగా ఉండి ఉంటుంది. ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నారు డాక్టరుగారు. కుడి కన్నులో కూడా కొద్దిగా మొదలైందన్నారు. అప్పటి నుంచి రోజూ రాత్రి తొమ్మిదికి రెండు కళ్ళలో చుక్కలు. కంటి ఒత్తిడి పెరగకుండా చూసేవి. టీవీలో ఏది వస్తున్నా మా ఆవిడ సీసా పట్టుకుని వస్తుంది.

అంతకు ఏడాది ముందు మన కార్ఖానా మెయిన్ రోడ్డు మీద స్కూటరు నడుపుతుంటే కుడివైపు నుంచి ఒక ఆటో రాసుకుంటూ పోయింది. ఆ ఆటో అబ్బాయిని నడిరోడ్డులో నానా మాటలు అన్నాను. వెనక సీటు మీద మా మనవరాలు ఉంది. ఆ తప్పు అతనిదో, నా కంటిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో స్కూటరు అమ్మేశాను. ఇవాళ ఈ సభకు కూడా మా అల్లుడి చెయ్యి పట్టుకునే రోడ్డు దాటి వచ్చాను. సిగ్గుపడడం లేదు.

పత్రిక పని మానెయ్యాలా అని డాక్టరుగారిని అడిగాను. మానవద్దన్నారు. అప్పుడు మా అల్లుడు మళ్ళీ కూర్చుని, నా ఎడమ కన్నుకు తగినట్టు తెర సర్దాడు. బహిష్కారం వెళ్ళే మూలను కుడి పై నుంచి ఎడమ కిందికి మార్చాడు. అలా మార్చుకునే వీలు ఈమాక్స్‌లో ఉంది. కర్సర్‌ను సన్నగీత కాకుండా నిండు డబ్బాగానే ఉంచాడు. కుడి గదిలో ఉండే చూచిరాత కాగితాలు ఎడమ గదికి మారాయి. వంకాయ రంగు అంచు మాత్రం అలాగే ఉంది. ఈ ప్రత్యేక సంచిక అంతా ఆ తెర మీద తయారైందే.

ఈమాక్స్ మీకు అక్కర్లేదు, మీలో చాలామంది దగ్గర విండోస్ ఉంటుంది. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, 10 అయితే ఈజ్ ఆఫ్ యాక్సెస్ అనే చోట బాణం సైజు, రంగు, కర్సర్ మందం మార్చుకోవచ్చు. నోట్‌ప్యాడ్‌కు వేరే బాణం లేదు, అక్కడ మార్చింది దీనికీ వస్తుంది. కంట్రోల్ నొక్కితే బాణం చుట్టూ వలయం వచ్చే సదుపాయం మౌసు సెట్టింగుల్లో పాయింటర్ ఆప్షన్స్ కింద ఉంటుంది. మీ మనవలను అడిగితే రెండు నిమిషాల్లో చేసిపెడతారు.

బాణం ఎంత పెంచినా ఇంకా పోతూనే ఉంటే మాత్రం, కొత్త మౌసు కొనకండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి, చార్టు చదివించి పంపెయ్యకుండా గ్లకోమా పరీక్ష కూడా చెయ్యమని అడగండి. మీ అమ్మకో నాన్నకో ఈ జబ్బు ఉండి ఉంటే ఇంకా ముందే వెళ్ళండి. మా నాన్నగారు చివరి రోజుల్లో గుమ్మాలకు భుజం తగిలించుకుంటూ నడిచేవారు. వయసు అనుకున్నాం.

లాప్‌టాప్ వెంట తెచ్చాను. వెనక బల్ల మీద, కాఫీ ఫ్లాస్కుల పక్కన పెట్టాడు మా అల్లుడు. భోజనాల లోపు ఎవరైనా వచ్చి చూడవచ్చు. చేతిరుమాలు కూడా అక్కడే ఉంది. ఒక కన్ను మూసుకుని, తెర మధ్యలో ఉన్న వాక్యం మీంచి చూపు కదల్చకుండా, మా మనవరాలు బాణాన్ని ఏ మూలకు తీసుకెళ్తుందో చెప్పండి. ఆసుపత్రి పరీక్ష కాదిది, మీలో ఎవరు ఆలస్యం చేస్తున్నారో తెలుసుకోవడానికి నేను పెట్టుకున్న ఆట. మూడో వరసలో ఉన్న మా పెద్దాయన ముందుగా రావాలని నా కోరిక. సెలవు.